పీడీ సారుకు వచ్చిన మెమోలు

పీడీ సారు పోయిండు. శనివారం పొద్దుగాల దేవుని దగ్గర దీపం పెట్టి లేస్తుంటే మా బిడ్డ ఫోన్ చేసి చెప్పింది. రాత్రి తిని పండుకున్న మనిషి తెల్లారి లేవలేదట. ఇంట్లోళ్ళు చాయ్ తెచ్చి లేపితే పలుకలేదట.  

మీలో చానమందికి ఆయన తెలువకపోవచ్చు. పేపర్ల పేరు పడే మనిషి కాదు. కోరుట్లల మా బిడ్డ చదివిన డిగ్రీ కాలేజీల పిల్లలకు ఆటలు నేర్పే సారు. గసొంటి సార్లను అందరు పీడీ సారు అనే అంటరు. నేను సుత అట్లనే పిలిచిన, ఇప్పుడు అట్లనే రాస్తున్న.

మట్టికి బోయినపల్లి దిక్కు ఆయన ఊరికి పోయినం. ఏడ్చేటోళ్ళు ఏడ్చిండ్రు, మోసేటోళ్ళు మోసిండ్రు, అంతా మర్యాదగ అయిపోయింది. నా కడుపు మండింది అక్కడ కాదు. తర్వాత కాలేజీల సంతాప సభ పెట్టిండ్రు, ఆడ మండింది.

ఫొటోకు పెద్ద దండ వేసిండ్రు. వేదిక మీద ఆటల కమిటీ పెద్దమనుషులు కూసున్నరు. అందులో ఒకాయన మైకు పట్టుకొని, "క్రమశిక్షణకు మారుపేరు మన పీడీ గారు, నియమాలను ప్రాణంగా భావించిన వ్యక్తి" అన్నడు. పక్కన కూసున్న మా బిడ్డ నా చెయ్యి గట్టిగ పట్టుకుంది. ఎందుకంటే ఆ మైకు పట్టుకున్నాయనే మా సారును గ్రౌండ్లకెళ్ళి ఎల్లగొట్టిన మనిషి. కాలేజీల నడుమ పోటీలు జరిగితే కమిటీ తరఫున వచ్చి చూసే అబ్జర్వర్ సారు. పేరుకు పోటీలు చూస్తడు. నిజానికి ఆయన కండ్లకు ఉరికేటోళ్ళు కనబడరు, తప్పులే కనబడుతయి.

నేను సుత రెండు మాటలు చెప్తనని అడిగిన. మాట్లాడేటోళ్ళ పేర్లు ముందుగాల ఇయ్యాలె, ఇప్పుడు కలుపరాదు అన్నరు. పోయిన మనిషి గురించి ఒక మంచి మాట చెప్పేటందుకు సుత వాళ్ళ దగ్గర ఒక రూలు ఉన్నది. నాకు గట్టిగ మాట్లాడుడు రాదు. మౌనం పాటించమన్నప్పుడు లేచి నిలబడ్డ. వేదిక మీద ఒకాయన ఆ మౌనాన్ని సుత గడియారంల చూసుకుంట నిలబడ్డడు. ఇంటికొచ్చి గిది రాస్తున్న. మా తల్లిగారూరు సిరిసిల్లల పదో తరగతి దాక చదువుకున్న, బీడీలు చేస్త. రాతల తప్పులుంటే మన్నించుండ్రి. సంగతిల మాత్రం తప్పు లేదు.

సారు మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు మా బిడ్డ కాలేజీల కొత్తగ చేరింది. కాలేజీల ఆటల పోటీలు పెడితే ఈమె చున్నీ నడుముకు కట్టుకొని, చెప్పులు చేతుల పట్టుకొని ఉరికిందట. చెప్పులు విడిచిపెడితే ఎవరన్న ఎత్తుకపోతరని భయం. అట్ల ఉరికి సుత అందరికంటె ముందు వచ్చింది. సారు అరుగు మీద కూసొని ఆ ముచ్చట చెప్పి నవ్విండు. చాయ్ ఇస్తే సాసర్ల పోసుకొని తాగిండు. మా ఆయన మస్కట్‌ల ఉండె, అడిగేటందుకు ఇంట్ల నేనే. ఆడపిల్లకు ఉరుకుడు ఎందుకు సారూ అన్న. నా చేతుల బీడీ సగం చుట్టి ఉన్నది. ఆయన దాన్ని చూసి మెల్లగ అన్నడు.

"నీ చేతులు ఊకుంటయా చెల్లె? అట్లనే ఆమె కాళ్ళు ఊకుంటలేవు."

నేను ఆ బీడీ చుట్టుడు అయిపోగొట్టి, సరే పంపుత సారూ అన్న.

ఆ తెల్లారి నుంచి బిడ్డ చీకటి ఉండంగనే గ్రౌండుకు పోయేది. గ్రౌండు అంటే మీరు పెద్దగ ఊహించుకోకుండ్రి. కంకర తేలిన జాగ, ఒక దిక్కు తుమ్మ చెట్లు. ఆడపిల్లలు బట్టలు మార్చుకునేటందుకు ఒక అర్ర లేదు, బాత్రూం లేదు. సారు తన చేతులతోని పొద్దుగాల రాళ్ళు ఏరి, సుద్దపిండితోని గీతలు గీసేది. పిల్లలు అలిసిపోయి కింద పడితే తిట్టేది కాదు. దగ్గర కూసొని, లేస్తవా, ఇంకొంచెం పండుకుంటవా అని అడిగేది. లేస్త అన్నోళ్ళను లేపేది, పండుకుంట అన్నోళ్ళ మొఖం మీద తడిపిన రుమాలు వేసేది.

కమిటీ రూల్స్ బుక్కుల సాక్సు ఎంత పొడుగుండాలెనో ఉన్నది. ఆడపిల్లలకు బాత్రూం ఉండాలని ఒక్క ముక్క లేదు. నేను ఊకె అంటలేను. ఒకసారి సారుతోని చదివించుకొని విన్న. ఆ రూల్స్ రాసినోళ్ళు జన్మల ఎన్నడన్న ఉరికిండ్రా అని నాకు అనుమానం. బస్సు దొరుకదంటే సుత ఉరికి ఉండరు. డ్రైవర్‌ను ఆపమని, నిమ్మళంగ నడిచిపోయి ఎక్కి ఉంటరు.

సారుకు మొదటి మెమో గుడాల మీద వచ్చింది. పొద్దుగాల ఉత్త కడుపుతోని ఉరికే పిల్లలకు ఆయన ఇంటి నుంచి ఉడుకపెట్టిన బొబ్బెర గుడాలు టిఫిన్ డబ్బాల తెచ్చేది. ఉల్లిగడ్డ కోసి, నిమ్మకాయ పిండి, పిల్లల దోసిళ్ళల్ల పోసేది. ఎవరో పైకి చెప్పిండ్రు. క్రీడాకారులకు అనుమతి లేని బయటి ఆహారం ఇస్తున్నరు, సంజాయిషీ ఇయ్యాలె అని కమిటీ నుంచి కాయితం వచ్చింది. అనుమతి ఉన్న ఆహారం ఏందయ్యా అంటే అరటిపండ్లు, గ్లూకోజు పొడి. అవి ఇయ్యాలని రాసి ఉన్నది, ఇచ్చినోడు మాత్రం లేడు. రావాల్సినవి రాకపోతే తప్పు లేదు, ఉన్నవి పెడితే తప్పు. సారు జవాబు ఒక్క వాక్యంల రాసిండట: అయ్యా, గుడాలు బయటివి కావు, మా ఇంటివి.

ఆ జవాబుకు ఇంకో మెమో వచ్చింది, వెటకారం చేసిండని.

తర్వాత సాక్సుల సంగతి. పోటీలల్ల తెల్ల సాక్సులే వేసుకోవాలెనట. మా బిడ్డ దోస్తు ఒకామె, బుగ్గారం పిల్ల, తెల్లయే వేసుకొని వచ్చింది గని పైన సన్నటి నీలం గీత ఉన్నది. ఆ గీతకు ఆమెను లైన్లకెళ్ళి పక్కకు నిలబెట్టిండ్రు. పిల్ల ఏడుస్తున్నది. సారు ఆమెను పక్కకు తీసుకపోయి, గ్రౌండు గీతలు గీసే సుద్దపిండి తడిపి ఆ నీలం మీద రుద్దిండు. తెల్లగైంది. పిల్ల ఉరుకుతుంటే కాళ్ళ నుంచి పిండి పొగ లెక్క లేస్తున్నదని బిడ్డ ఇంటికొచ్చి చెప్పి పడిపడి నవ్వింది. దానికి సుత మెమోనే. క్రీడా సామగ్రిని దుర్వినియోగం చేసిండట. పిడికెడు సుద్ద.

ఇంకోసారి చాతి మీద పెట్టే నంబరుకు నాలుగు మూలల నాలుగు పిన్నీసులు ఉండాలె, మూడే ఉన్నయి అన్నరు. నేను చూడపోయిన ఆ రోజు. సూది దారంతోని కుట్టేస్త అన్న. కుట్టరాదు, పిన్నీసే ఉండాలె అన్నరు. నాకు నవ్వొచ్చింది. మా దిక్కు పెండ్లయిన ఆడదాని పుస్తెల తాడుకు పిన్నీసు లేకుండ ఉంటదా? తీసి ఇచ్చిన. ఆ అబ్జర్వర్ పెద్దమనిషి దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు, తుప్పు పట్టిందా అని. పట్టలేదు. పాపం, ఆయనకు ఆ రోజు రాసేటందుకు ఏం దొరుకలేదు.

ఇవన్ని చెప్పుకొని నేను బాధపడితే సారు మాత్రం బాధపడేది కాదు. ఒకసారి గ్రౌండు పక్కన నిలబడి నాతోని అన్న మాట మా ఇంట్ల ఇప్పటికీ అనుకుంటం.

"ఉరికేటోనికి ఊపిరి ముఖ్యం చెల్లె. ఊదేటోనికి విజిల్ ముఖ్యం. ఎవ్వని పని వాడు చేస్తడు."

ఇగ జగిత్యాల సంగతి. నేను గిది రాసేదే ఆ సంగతి చెప్పేటందుకు.

మా బిడ్డకు అది డిగ్రీ ఆఖరి ఏడాది. జగిత్యాలల కాలేజీల నడుమ పోటీలు. అక్కడ గెలిచినోళ్ళే యూనివర్సిటీ సెలక్షన్లకు పోతరు. అక్కడ సుత ఎన్నికైతే యూనివర్సిటీ టీముల పేరు పడుతది. ఆ సర్టిఫికెట్ ఉంటే ఆటల టీచర్ చదువుకు సీటు వస్తది. లేకుంటే లేదు. వచ్చే ఏడాది చూద్దామనేటందుకు వచ్చే ఏడాది ఆమె కాలేజీల ఉండదు. ఇది బిడ్డకు తెలుసు, నాకు తెలుసు, సారుకు తెలుసు. పోటీకి ముందు నేను శనివారాలు ఒక్కపొద్దు ఉన్న.

నేను జగిత్యాలకు పొద్దుగాల బస్సుకు పోయిన, బీడీలు చేసే చాట తీసుకొని. ఎందుకు తీసుకపోయినవని తర్వాత చానమంది అడిగిండ్రు. మా కోరుట్లల, సిరిసిల్లల బీడీలు చేసే ఆడోళ్ళకు తెలుసు. చాట మాకు చెయ్యి లాంటిది. చుట్టాల ఇంటికి పోతే చాట ఉంటది, దవాఖానల పేషెంటు పక్కన కూసుంటే చాట ఉంటది, గుడి మెట్ల కాడ ఎవలకోసమన్న ఎదురుచూసినా ఒళ్ళె చాట ఉంటది. కత్తిరించిన తునికాకు, తంబాకు, దారం. ముచ్చట పెట్టుకుంటనే చేతులు చుట్టుకుంట పోతయి. అందరు సెల్‌ఫోన్ పట్టుకొని కూసున్నట్టు మేము చాట పట్టుకొని కూసుంటం. గ్రౌండు గోడ పక్కన నీడకు కూసొని నేను నా పని చేసుకుంటున్న. దాన్ని తప్పని నేను అప్పుడు అనుకోలేదు, ఇప్పుడు అనుకోను.

పదిహేను వందల మీటర్ల పరుగు. మా బిడ్డ అందరికంటె ముందు వచ్చింది. వచ్చి నా దగ్గరనే కింద పండుకుంది, రొప్పుకుంట, నవ్వుకుంట. అప్పుడే ఆ అబ్జర్వర్ సారు అటు వచ్చిండు. పెన్నుతోని నా ఒడి దిక్కు చూపించి ఇదేంది అని అడిగిండు. చాట సారూ అన్న. చాటల ఏముంది అన్నడు. తంబాకు అన్న. నాకు అబద్ధం రాదు. ఆ మాట వినంగనే మొక్కు తీరినోని లెక్క ఆయన మొఖం వెలిగింది.

పోటీదారులు గని, వాళ్ళ వెంట వచ్చినోళ్ళు గని గ్రౌండ్ల పొగాకు పెట్టుకుంటే ఆ పోటీదారు గెలుపు రద్దు, ఆ ఏడాది ఇంక ఏ పోటీల పాల్గొనరాదు. రూలు చదివి వినిపించిండు. మేము తాగం సారూ, చేస్తం, కడుపు కోసం చేస్తం అన్న. తాగుడా, చేసుడా అని రూలుల లేదన్నడు. ఆయన అట్ల మాట్లాడుతున్నంతసేపు ఒకదిక్కు దవడ ఉబ్బి ఉన్నది. మాట మాటకు పక్కకు తిరిగి గోడ మొదట్ల ఉమ్ముతున్నడు. ఎందుకు ఉబ్బిందో నేను చెప్ప. పంటి నొప్పి అనుకుందాం.

బిడ్డ లేచి కూసుంది.  ఎవరో పోయి సారుకు చెప్పినట్టున్నరు, ఉరుక్కుంట వచ్చిండు. వచ్చి, సంగతి విని, నా ముందట నేల మీద కూసున్నడు. నా ఒళ్ళకెళ్ళి చాట తీసుకొని తన ఒళ్ళె పెట్టుకున్నడు.

"ఈ చాట నాది సార్," అన్నడు.

"మీరు బీడీలు చేస్తరా?"

"నేర్చుకుంటున్న సార్. వచ్చే ఏడాది రిటైర్ అయితున్న గద, ఊకె కూసుంటే పొద్దు పోవద్దా?"

అని ఒక ఆకు తీసుకొని, తంబాకు పోసి చుట్టిండు. అది ఎట్లున్నదంటే, మా సిరిసిల్లల పసిపిల్లలు సుత అంతకంటె మంచిగ చేస్తరు. కట్టు కట్టంగనే విచ్చుకొని తంబాకు అంతా పాంటు మీద పడ్డది. చుట్టూ చేరిన ఆడపిల్లలు నవ్వు ఆపుకోలేకపోయిండ్రు. సారు వాళ్ళ దిక్కు చూసి, నవ్వుడు కాదు బిడ్డా, ఒక చెయ్యి సాయం పట్టుండ్రి అన్నడు.

చాట నాదని చెప్పేటందుకు నేను నోరు తెరిచిన. సారు ఒక్క చూపు చూసిండు. మూసుకున్న. దేవునికి చెప్పుకున్న. దేవుడు ఏం అనలేదు.

చాట ఎవలదో ఆ అబ్జర్వర్‌కు తెలువక కాదు. నా గోర్లల్ల తంబాకు చూస్తే గుడ్డోనికి సుత తెలుస్తది. కాని ఆయన లెక్క వేరే. బీడీలు చేసేదాని బిడ్డ గెలుపు రద్దు చేస్తే పై ఆఫీసుల ఎవలు మెచ్చుకుంటరు? పీడీనే పొగాకుతోని దొరికిండంటే అది పెద్ద వేట. గుడాల నాటి నుంచి మా సారు ఆయన కంట్ల పడి ఉన్నడు. చాట పీడీదే అని రాసుకున్నడు. పీడీ మా వెంట వచ్చినోడు కాదు, కాలేజీ మనిషి, కాబట్టి మా బిడ్డ గెలుపు నిలబడ్డది. సారుకు మాత్రం, పోటీలు జరిగే ఏ గ్రౌండ్ల అడుగు పెట్టరాదని ఆర్డరు వచ్చింది. రిటైర్ అయ్యేదాక. జీవితమంతా గ్రౌండ్ల నిలబడ్డ మనిషికి.

పొగాకు మంచిదని నేను అంటలేను. దాని వాసన ఎంత చెడ్డదో, రొమ్ముల ఎట్ల పట్టుకుంటదో చేసేటోళ్ళకు తెలిసినట్టు చదివేటోళ్ళకు తెలువది. ఆ రూలు పిల్లల మంచి కోసమే పెట్టి ఉంటరు. కాని పెట్టిన మంచిని పక్కన పడేసి, అక్షరాన్ని పట్టుకొని ఊగులాడేటోళ్ళను చూస్తే నాకు కోపం సుత రాదు. వాళ్ళ మీద కోపం దండుగ. పప్పుల రాయి వస్తే ఏం చేస్తం? తీసి పక్కన పెడుతం.

సెలక్షన్లు సిరిసిల్లల పెట్టిండ్రు. పిల్లల వెంట కామర్స్ మేడమ్‌ను పంపిండ్రు. ఆమె మంచామె, కాని ఏ గీత దగ్గర పరుగు మొదలైతదో ఆమెకు తెలువది. జగిత్యాల ముచ్చట తర్వాత తల్లిదండ్రులు సుత లోపలికి రావద్దన్నరు. నేను గేటు బయట నిలబడ్డ. ఇనుప కడ్డీల గేటు, లోపలంతా కనబడుతది. కొంతసేపటికి సారు వచ్చిండు. బస్సు దిగి నడుచుకుంట వచ్చి నా పక్కన నిలబడ్డడు. గ్రౌండ్ల అడుగు పెట్టొద్దన్నరు గని గేటు బయట నిలబడొద్దనలేదు గద చెల్లె అన్నడు.

అన్నరు. అది సుత అన్నరు. ఆ అబ్జర్వర్ సారు దూరం నుంచి చూసి గేటు కాడికి వచ్చిండు. నిషేధం ఉన్న మనిషి బయట నుంచి చేతులతోని గని, కండ్లతోని గని సైగ చేసినా అది కోచింగ్ కిందనే లెక్క, ఆ పిల్లను తీసేస్తం అన్నడు. సైగ చెయ్యను సార్, చూస్త గంతే అన్నడు మా సారు. చూసుడు సుత అనుమానమే అన్నడు ఆయన.

నేను ఎన్నడు ఎవ్వలకు శాపం పెట్టలేదు. ఆ గేటు కాడ సుత పెట్టలేదు. పెదవుల దాక వచ్చింది, దేవుని పేరు అనుకొని మింగిన.

 సారు నిమ్మళంగ గేటుకు వీపు తిప్పి, నా దిక్కు మొఖం పెట్టి నిలబడ్డడు.

"ఇప్పుడు సరిపోతదా సార్?" అన్నడు, వెనక్కి చూడకుండ.

ఆ పెద్దమనిషి రూల్స్‌ల వెతుక్కున్నడు. గేటుకు వీపు పెట్టి నిలబడుడు తప్పని ఎక్కడ దొరుకలేదు. పోయిండు.

పరుగు మొదలైంది. మొదట వచ్చిన ఇద్దరికే టీముల చోటు. మా బిడ్డ వెనుకబడి ఉన్నది. సారూ, ముందట నలుగురు ఉన్నరు అని నేను చెప్పబోయిన. సారు చెయ్యి అడ్డం పెట్టిండు.

"చెప్పకు చెల్లె. చెప్తే నువ్వు సుత కోచ్‌వు అయితవు, నీ మీద సుత మెమో వస్తది. నువ్వు చూడు. నేను నీ మొఖం చూస్త."

అట్లనే చేసిండు. నేను కడ్డీలు పట్టుకొని బిడ్డను చూస్తున్న, ఆయన నన్ను చూస్తున్నడు. పరాయి ఆడదాని మొఖంలకు అట్ల తేరిపార చూసే మనిషి కాదు ఆయన. నేను అట్ల చూడనిచ్చేదాన్ని కాదు. ఆ రోజు ఇద్దరికీ అది గుర్తుకు లేదు.

మా బిడ్డ ఆ పరుగుల రెండోది వచ్చింది. టీముల పడ్డది, సర్టిఫికెట్ వచ్చింది, సీటు వచ్చింది. ఇప్పుడు కోనరావుపేట దిక్కు ఒక బడిల పిల్లలకు ఆటలు నేర్పుతున్నది. అవన్ని తర్వాతి ముచ్చట్లు. సంతాప సభల ఎవ్వలు ఏం చెప్పుకున్నా, నా కండ్లల్ల నిలిచిన సారు వేరే. బిడ్డ ఆఖరి మలుపు తిరిగి ఒక్కొక్కళ్ళను దాటుకుంట వస్తుంటే, నా మొఖంల ఏం కనబడ్డదో నాకు తెలువది. గేటుకు వీపు పెట్టిన ఆ మనిషి మాత్రం నా మొఖం మీదికెళ్ళి చూపు తిప్పకుండ, మెల్లగ మోకాళ్ళు వంచి, మోచేతులు పక్కలకు గుంజుకొని, ఊపిరి బిగబట్టి, రోడ్డు మీదనే ఉరుకబోయేటోని లెక్క నిలబడ్డడు.